పాత విన్‌చెస్టర్ 1890 పంప్ రైఫిల్ కొనేముందు ఎలా పరీక్షించాలి

అమెరికాలో గన్ షోలకి వెళ్లే అలవాటుంటే, పాత సామాను అమ్మే బల్లల మీద ఒక సన్నటి రైఫిల్ మీ కంటపడే ఉంటుంది. ఎనిమిది పలకల బ్యారెల్, దాని కిందే మ్యాగజీన్ గొట్టం, ముందు చేత్తో పట్టుకుని వెనక్కీ ముందుకీ లాగడానికి గాడులు తీసిన చిన్న చెక్క పిడి, తూటాని పేల్చడానికి కొట్టే, బయటికి కనిపించే హ్యామర్, భుజానికి ఆనేచోట అర్ధచంద్రాకారపు ఇనప బట్ ప్లేట్. అది విన్‌చెస్టర్ మోడల్ 1890. పాత .22 (0.22 అంగుళాల సన్నటి తూటా వాడే) పంప్ రైఫిళ్లు సేకరించేవాళ్లలో చాలామంది దీనితోనే మొదలుపెడతారు.

కొంచెం వెనకకథ తెలిస్తే పరీక్ష సులువు. దీన్ని డిజైన్ చేసింది యూటాలోని ఆగ్డెన్ ఊరివాళ్లు, జాన్ బ్రౌనింగ్, ఆయన తమ్ముడు మాథ్యూ. పేటెంట్ తేదీ 1888 జూన్ 26. మొదట బొమ్మలు గీసి పంపితే ఇది పనిచేయదని విన్‌చెస్టర్ వాళ్లు తిప్పి రాశారనీ, అన్నదమ్ములు మాట్లాడకుండా తుపాకీనే తయారుచేసి పంపారనీ చెబుతారు. 1890లో న్యూహేవెన్ ఫ్యాక్టరీలో మొదలైన తయారీ 1932 దాకా సాగింది. సీరియల్ నంబర్లు ఎనిమిది లక్షలు దాటాయి.

ఇన్ని తయారయ్యాయి కదా, మంచివి బోలెడు దొరుకుతాయనుకోకండి. మన తిరునాళ్లలో బెలూన్లు పేల్చే ఎయిర్ గన్ స్టాల్ ఎలాగో, ఆ రోజుల్లో అమెరికా సంతల్లో షూటింగ్ గ్యాలరీ అలాగ. అక్కడ పొద్దున్నుంచి రాత్రిదాకా చేతులు మారింది ఎక్కువగా ఈ రైఫిలే. మిగిలినవి పొలాల్లో, కొట్టాల్లో, పిల్లల చేతుల్లో అరిగాయి. తర్వాత ఎవరో ఒకరు "బాగుచేద్దాం" అని పాలిష్ పట్టించారు. కలెక్టరుకి అసలు తలనొప్పి ఈ మూడోరకంతోనే. అరిగిన తుపాకీ తన వయసు దాచదు, పాలిష్ పట్టినది దాస్తుంది.

ముందు చట్టం సంగతి

బల్ల దగ్గరికి వెళ్లేముందే ఇది తేల్చుకోండి. ముఖ్యంగా వీసా మీద ఉన్న మనవాళ్లు.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన తుపాకీ యాంటిక్ కిందికి వస్తుంది. 1899 నుంచి తయారైనది, చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నా, మామూలు తుపాకీయే. 1890 మోడల్ తయారీ ఈ గీతకి రెండువైపులా సాగింది కాబట్టి ఒకే బల్ల మీద పక్కపక్కన ఉన్న రెండు రైఫిళ్లకి రెండు రకాల చట్టం వర్తించొచ్చు.

యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న తుపాకీలకి క్యూరియో అండ్ రెలిక్ అనే వర్గం ఉంది. వీటిని సేకరించేవాళ్లకి ప్రత్యేకంగా ఒక ఫెడరల్ లైసెన్సు ఇస్తారు. మూడేళ్లకి 30 డాలర్లు. 21 ఏళ్లు నిండి ఉండాలి. ఏడాదికి ఒకటి రెండు కొనేవాళ్లకి కూడా ఇది పనికొస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే వేరే రాష్ట్రంలో వేలంలో కొన్న పాత రైఫిల్ నేరుగా మీ ఇంటికే వస్తుంది. ఇది లేకపోతే మీ ఊళ్లో ఉన్న లైసెన్సు డీలరు ద్వారా తెప్పించుకోవాలి.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టంతో పెద్ద ఇబ్బంది లేదు. ఎఫ్-1, హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు మాత్రం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదన్నది మామూలు నియమం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనదైతే ఫెడరల్ లెక్కలో అది తుపాకీ కాదు గానీ, అందులో వేసే .22 తూటాకి ఆ మినహాయింపు లేదు. గోడకి తగిలించుకునే యాంటిక్ రైఫిల్ పక్కన సొరుగులో ఒక తూటాల డబ్బా ఉన్నా ఇబ్బందే. అదీకాక న్యూజెర్సీ, ఇల్లినాయ్, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల నిబంధనలు వేరు. ఇమిగ్రేషన్ ఫైలు నడుస్తున్నప్పుడు గన్ షోలో పక్కవాడు చెప్పిన మాట నమ్మి టెన్షన్ తెచ్చుకోవడం దేనికి? ఒకసారి లాయర్ని అడగండి.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లకి ఒక మాట. అక్కడ ఇది 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తుంది. పాత నమూనా ఆయుధాలకి ఆ చట్టంలో ఉన్న మినహాయింపు, మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్నవాటికే. ఈ రైఫిల్ ఇవాళ్టికీ పేలుతుంది, కాబట్టి లైసెన్సు కావాల్సిందే. 2019 సవరణ తర్వాత మామూలుగా ఒక మనిషికి రెండు తుపాకులకి మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోనే. అమెరికాలో కొన్నదాన్ని పెట్టెలో పెట్టుకుని శంషాబాద్‌లో దిగుదామన్న ఆలోచన అసలు రానివ్వకండి.

ఏ రకమో గుర్తుపట్టండి

1890లో మూడు రకాలున్నాయి. ధర, వయసు, చట్టం మూడూ దీని మీదే ఆధారపడతాయి.

మొదటిది సాలిడ్ ఫ్రేమ్. రెండు ముక్కలుగా విడదీయడం కుదరదు. 1892 దాకా సుమారు పదిహేనున్నర వేలే చేశారు. సాలిడ్ ఫ్రేమ్ అని ఖాయమైతే అది యాంటిక్కే, ఇంక ప్రశ్నే లేదు.

రెండోది టేక్ డౌన్. రిసీవర్ (బ్యారెల్ వెనక కదిలే భాగాలుండే ఇనప పెట్టె) పక్కన పెద్ద తలకాయ ఉన్న స్క్రూ ఒకటి కనిపిస్తుంది. అది వేళ్లతో తిప్పితే రైఫిల్ రెండు భాగాలవుతుంది: బ్యారెల్, రిసీవర్ ఒకవైపు, ట్రిగ్గరూ, భుజానికి ఆనే కర్ర స్టాకూ ఇంకోవైపు. వీటిలో ముందు వచ్చినవాటికి రిసీవర్ మీద కేస్ హార్డెనింగ్ రంగులుంటాయి. ఇనుముని ఎముకలూ బొగ్గూ కలిపిన పొడిలో పాతి, ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచితే పైన నీలం, గోధుమ, గడ్డి రంగులు మబ్బులు మబ్బులుగా తేలతాయి. సుమారు 1901 తర్వాత ఆ పద్ధతి ఆపి రిసీవర్‌కి కూడా నీలి పూత వేశారు.

మూడోది 1908 నుంచి. దీన్ని గుర్తుపట్టడం చాలా తేలిక. రిసీవర్ పైఅంచులో రెండువైపులా చిన్న గాడి కోసి ఉంటుంది. బోల్ట్ (తూటా వెనక నుంచి బ్యారెల్‌ని మూసే ఇనప దిమ్మ) మూసుకున్నప్పుడు దాని చెవులు ఆ గాడిలో కూర్చోవడం బయటికే కనిపిస్తుంది. ముందు రకాల్లో ఈ తాళం లోపలే దాగి ఉంటుంది.

ఇక తికమక పెట్టేది దీని తమ్ముడు మోడల్ 1906. దానికి 20 అంగుళాల గుండ్రటి బ్యారెల్, 1890కి 24 అంగుళాల పలకల బ్యారెల్. "1890" అని చీటీ రాసి 1906 అమ్మేవాళ్లు తక్కువేం కాదు. అందరూ మోసగాళ్లని కాదు, చాలామందికి నిజంగానే తేడా తెలియదు.

చేతిలోకి తీసుకునే పద్ధతి

అమ్మేవాళ్లని అడగకుండా తీయకండి. "యాక్షన్ ఓపెన్ చేసి చూపిస్తారా?" అని, అంటే బోల్ట్ వెనక్కి లాగి చూపమని, వాళ్లనే అడగండి. ఇది మర్యాద, జాగ్రత్త కూడా. మూతి ఎవరివైపూ లేకుండా పట్టుకుని, బోల్ట్ వెనక్కి ఉన్నప్పుడు ఛాంబర్‌లోకి (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) చూడండి, వేలు పెట్టి తడమండి. అక్కడితో ఆగొద్దు. ఈ రకంలో తూటాలు గొట్టంలో దాక్కుంటాయి. స్ప్రింగ్ బలహీనపడిన పాత గొట్టంలో ఒక తూటా ఎక్కడో ఇరుక్కుని, నాలుగుసార్లు పంప్ చేసినా రాకుండా, అయిదోసారి వచ్చిన సందర్భాలున్నాయి. లోపలి గొట్టం పూర్తిగా బయటికి లాగించి, బయటి గొట్టంలోకి కూడా చూడండి.

ఖాళీ ట్రిగ్గర్ నొక్కకండి. రిమ్‌ఫైర్ తూటాలో పేలే మందు అడుగు అంచులో ఉంటుంది. తూటా లేకుండా నొక్కితే తూటాని గుచ్చే ఫైరింగ్ పిన్ నేరుగా ఛాంబర్ అంచుకే తగులుతుంది. వందేళ్లుగా పిల్లలు "టక్ టక్" మనిపించిన రైఫిల్‌లో ఆ అంచు దగ్గర చిన్న సొట్ట ఉంటుంది. టార్చి వేసి దానికోసమే ప్రత్యేకంగా చూడండి. ఆ సొట్ట పెద్దదైతే పేలిన ఖాళీ తూటా పట్టేసి బయటికి రాదు.

హ్యామర్‌ని బొటనవేలితో అదుపు చేస్తూ సగం దాకా లేపి వదలండి. అక్కడ గట్టిగా నిలబడాలి. ఈ రైఫిల్‌కి వేరే సేఫ్టీ మీట అంటూ ఏమీ లేదు, ఆ సగం మెట్టే దాని సేఫ్టీ. ట్రిగ్గర్‌ని మెల్లగా తాకితే జారిపోతే, పేల్చే ఉద్దేశం ఉన్నవాళ్లు ధర మాట్లాడకుండానే వెనక్కి పెట్టేయండి.

తూటా గుర్తు, ఛాంబర్ కలిశాయా?

నా మట్టుకు నేను ఎక్కువసేపు చూసేది ఇక్కడే.

ఇప్పటి .22 రైఫిళ్లలో షార్ట్, లాంగ్, లాంగ్ రైఫిల్ అనే మూడు తూటాల్లో ఏది వేసినా నడిచేవి చాలా ఉన్నాయి. 1890 అలా కాదు. ఒక్కో రైఫిల్ ఒక్క తూటాకే. రిసీవర్‌కి దగ్గరలో బ్యారెల్ మీద ఏ తూటాయో కొట్టి ఉంటుంది: 22 షార్ట్, 22 లాంగ్, 22 డబ్ల్యూఆర్ఎఫ్ (విన్‌చెస్టర్ రిమ్‌ఫైర్), 1919 తర్వాత 22 లాంగ్ రైఫిల్. తూటాని పైకెత్తి ఛాంబర్‌కి అందించే లోపలి భాగం కూడా ఆ పొడవుకి సరిపోయేలా చేసినదే.

షార్ట్ తూటా దొరకడం కష్టమైంది, లాంగ్ రైఫిల్ ఏ అంగడిలోనైనా దొరుకుతుంది. దాంతో ఎవరో ఒకరు షార్ట్ ఛాంబర్‌ని తొలిచి లాంగ్ రైఫిల్ పట్టేలా చేస్తారు. బ్యారెల్ మీద అక్షరాలు మాత్రం షార్ట్ అనే చెబుతుంటాయి. షార్ట్ తూటా కేసు (మందు ఉండే లోహపు గొట్టం) పొడవు సుమారు 10.7 మిల్లీమీటర్లు, లాంగ్ రైఫిల్‌ది సుమారు 15.6. ఆ అయిదు మిల్లీమీటర్లూ తొలిచిన చోట కొత్త ఇనుము మెరుపు, గుండ్రంగా పనిముట్టు గీతలు కనిపిస్తాయి. మీకే అనుమానమైతే తుపాకీ మరమ్మతు చేసేవాళ్ల చేత ఛాంబర్ అచ్చు తీయించండి. తొలిచిన రైఫిల్ కలెక్టర్ ధర పలకదు, అమ్మేవాళ్లు ఎంత తియ్యగా చెప్పినా సరే.

డబ్ల్యూఆర్ఎఫ్ కథ వేరు. అది ఈ రైఫిల్‌తో పాటే 1890లో పుట్టిన తూటా, మామూలు .22 కంటే లావు, పొడవు. అందులో లాంగ్ రైఫిల్ తూటా వేస్తే లొడలొడలాడుతుంది, పేలితే కేసు చీలిపోతుంది. 1959లో వచ్చిన .22 మాగ్నమ్ ఇంకా ప్రమాదం. మాగ్నమ్ రైఫిల్‌లో డబ్ల్యూఆర్ఎఫ్ తూటా వాడొచ్చు గానీ, డబ్ల్యూఆర్ఎఫ్ రైఫిల్‌లో మాగ్నమ్ వాడకూడదు. అసలు పట్టకూడదు కూడా. పడుతోందంటే ఎవరో తొలిచారన్నమాట. ఆ వందేళ్ల బోల్ట్ ఆ ఒత్తిడికి చేసినది కాదు.

బ్యారెల్ లోపలికి చూడండి

బోల్ట్ వెనక్కి లాగి, ఛాంబర్ దగ్గర తెల్ల కాగితం ముక్క వంచి పెట్టి, దాని మీద వెలుగు పడేలా చేసి మూతివైపు నుంచి చూడండి. పక్కన చిన్న బోర్ లైటు ఉంటే ఇంకా మంచిది. మెలికల గీతలు అంచులతో సహా స్పష్టంగా కనిపించాలి. చాలావాటిలో కనిపించవు. నల్ల తుపాకీమందు మసితో పాటు, 1920ల చివరిదాకా తూటాల్లో వాడిన పేలుడు రసాయనం పేలాక ఉప్పు మిగిల్చేది. రాత్రికి తుడవకపోతే ఆ ఉప్పు గాలిలోని తేమని లాక్కుని తుప్పు పట్టించేది. సంతలో రాత్రి పన్నెండింటికి దుకాణం కట్టేసేవాడికి తుడిచే ఓపిక ఎక్కడిది?

అందుకని లోపల చిన్న చిన్న గుంటలున్నంత మాత్రాన భయపడి వదిలేయకండి, ధరలో తగ్గించమనండి. గుంటలు లేకుండా లోపల అద్దంలా మెరిసే 1890 కనిపిస్తే మాత్రం, లోపల కొత్త గొట్టం దించి అతికించారేమోనని మూతి దగ్గర సన్నటి గుండ్రటి గీత కోసం వెతకండి. అలా అతికించినది పేల్చుకోవడానికి చక్కగా పనికొస్తుంది. సేకరణకి విలువ తగ్గుతుంది.

పూత, చెక్క, స్క్రూలు

నిజమైన పాత విన్‌చెస్టర్ రిసీవర్ మీద నీలి పూత పొరలు పొరలుగా రాలిపోతుంది, బ్యారెల్ మీద మాత్రం చాలావరకు నిలుస్తుంది. కాబట్టి గోధుమ రంగుకి తిరిగిన రిసీవర్, దానికి నీలంగా ఉన్న బ్యారెల్ కలిసి ఉంటే అది మంచి లక్షణం. రెండూ ఒకే నలుపుతో నిగనిగలాడుతుంటే అనుమానించండి.

అనుమానం తీర్చుకోవడానికి మొదట బ్యారెల్ పలకల అంచు మీద గోరు పెట్టి లాగండి. అసలుదైతే అంచు గోరుకి తెలుస్తుంది, పాలిష్ చక్రం మీద పెట్టినదైతే జారిపోతుంది. తర్వాత బ్యారెల్ మీద కంపెనీ పేరు, న్యూహేవెన్ చిరునామా చదవండి. అక్షరాల అడుగు లోతు ఒకేలా ఉందా, కొన్నిచోట్ల పలచబడిందా? స్క్రూ రంధ్రాల చుట్టూ ఇనుము లోపలికి పళ్లెంలా దిగితే అది పాలిష్ పనే. గుంటల లోపల కూడా నీలి రంగు ఉంటే, గుంట పడ్డాక పూత వేశారని అర్థం.

కేస్ హార్డెనింగ్ రంగులు ఉన్న రిసీవర్ అయితే, చెయ్యి పట్టే చోట రంగు పోయి వెండి రంగు రావాలి, మూలల్లో చెయ్యి తగలనిచోట మిగలాలి. అంతటా ఒకేలా ముదురుగా ఉంటే ఈ మధ్య వేయించినదే.

వాల్‌నట్ చెక్క ఇనుముని కలిసేచోట వేలు పెట్టి తడమండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు చెక్క ఇనుము కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉండేది. గరుకు కాగితంతో రుద్దినదైతే చెక్క కిందికి దిగి ఇనుము అంచు వేలికి తగులుతుంది. స్క్రూ తలల గాడులు చితికిపోయి ఉంటే సరిపడని స్క్రూడ్రైవర్‌తో ఎవరో లోపలికి వెళ్లారని లెక్క. అదొక్కటే తప్పు కాదు గానీ, ఎందుకు వెళ్లారో అడగాలి.

నంబర్లు సరిచూడండి

టేక్ డౌన్ రైఫిల్‌తో వచ్చే చిక్కే ఇది. రెండు రైఫిళ్లు విడదీసి, దీని ముందుభాగం దానికి, దాని వెనకభాగం దీనికి తగిలించడం రెండు నిమిషాల పని. వందేళ్లలో ఎన్నిసార్లు జరిగిందో! సీరియల్ నంబరు ట్రిగ్గర్ వెనక తోకలా సాగే ఇనప పట్టీ మీద ఉంటుంది. తర్వాతి కాలపువాటికి రిసీవర్ కింద కూడా ఉంటుంది. రెండుచోట్లా ఉంటే రెండూ కలవాలి. ఒక అంకె కొట్టేసినట్టో, తిరగరాసినట్టో అనిపిస్తే బేరం అక్కడే ఆపండి. చెరిపిన నంబరు అమెరికాలో నేరం కిందికే వస్తుంది.

ఇంకో ఆనవాలు: కోడిగుడ్డు ఆకారపు గీత లోపల డబ్ల్యూ, పి అక్షరాలు. విన్‌చెస్టర్ ఈ ప్రూఫ్ ముద్ర (పేల్చి పరీక్షించామన్న గుర్తు) 1905లో మొదలుపెట్టింది. 1890ల నాటి నంబరున్న రైఫిల్ బ్యారెల్ మీద ఆ ముద్ర కనిపిస్తే, బ్యారెల్ తర్వాత మార్చారని అనుమానించాలి. ఫ్యాక్టరీయే మార్చి ఉండొచ్చు, అయినా "అసలు బ్యారెల్" అని రాసిన ధర ఇవ్వకండి.

నంబరుని బట్టి ఏ సంవత్సరమో చెప్పే పట్టికలు రకరకాలున్నాయి, ఒకదానితో ఒకటి కలవవు. 1898 గీతకి దగ్గరగా ఉన్న నంబరైతే పట్టికల్ని నమ్ముకోకండి. వయోమింగ్‌లోని కోడీ అనే ఊళ్లో బఫెలో బిల్ సెంటర్ ఆఫ్ ది వెస్ట్ ఉంది. విన్‌చెస్టర్ పాత ఫ్యాక్టరీ పుస్తకాలు అక్కడి ఫైర్ ఆర్మ్స్ మ్యూజియం దగ్గర ఉన్నాయి. రుసుము కడితే, ఆ నంబరు రైఫిల్ ఏ తూటాకి, ఏ రకం బ్యారెల్‌తో, ఏ రోజు గిడ్డంగిలోంచి వెళ్లిందో ఉత్తరం రాసిస్తారు. అన్ని నంబర్లకీ రికార్డులు లేవు, తొలినాళ్లవాటికే ఎక్కువ. చెకరింగ్ చేసిన (పట్టుకోసం గళ్లు చెక్కిన) డీలక్స్ స్టాక్ అనో, అరుదైన తూటా అనో ఎక్కువ ధర అడుగుతుంటే, ఆ ఉత్తరం వచ్చేదాకా డబ్బు చేతులు మారనివ్వకండి.

బేరం

పై పరీక్షలో బయటపడ్డవన్నీ ఒక కాగితం మీద రాసుకుని మాట్లాడండి. వస్తువుని తక్కువ చేయకండి, చూసినదే చెప్పండి: "మ్యాగజీన్ గొట్టానికి సొట్ట ఉంది, లోపలి ఇత్తడి గొట్టం దిగడం లేదు." గొట్టం సొట్ట చిన్నదిగానే కనిపిస్తుంది గానీ తూటాలు అక్కడే ఇరుక్కుంటాయి, అసలు భాగం దొరకాలంటే ఖర్చు. ఒకే డబ్బుకి మళ్లీ పూత వేసిన మెరిసే రైఫిలూ, అరిగి గోధుమ రంగుకి తిరిగినా ఎవరూ చెయ్యి పెట్టనిదీ ఉంటే రెండోది తీసుకోండి. మళ్లీ అమ్మాల్సి వచ్చిన రోజు తేడా తెలుస్తుంది.

ఇంటికొచ్చాక

మొదటి వారం ఏమీ చేయకండి, ఫొటోలు తీసి నంబరుతో సహా దాచుకోండి. తర్వాత మెత్తటి గుడ్డకి కాస్త తుపాకీ నూనె పట్టించి ఇనుము తుడవండి. గోధుమ రంగు మచ్చల్ని గీకి "శుభ్రం" చేయాలన్న ఉబలాటం ఆపుకోండి. చెక్కకి వార్నిష్ వద్దే వద్దు. బ్యారెల్ లోపల తుడిచే కడ్డీ మూతివైపు నుంచి పెట్టాల్సి వస్తే అంచుకి రాసుకోకుండా గైడు వాడండి, ఎందుకంటే గురి అంతా ఆ అంచు మీదే ఉంటుంది.

పేల్చాలనుంటే ముందు పాత తుపాకీలు తెలిసిన గన్‌స్మిత్‌కి చూపించి, బ్యారెల్ మీద రాసి ఉన్న తూటానే, అదీ మామూలు వేగంలోది వాడండి. హై వెలాసిటీ డబ్బా ముట్టుకోకండి. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని పంప్ చేస్తే పేలుతూనే పోయే నిర్మాణం ఇది. కాబట్టి ప్రతి గుండు తర్వాత వేలు ట్రిగ్గర్ నుంచి పూర్తిగా తీయడం అలవాటు చేసుకోండి.

తోలు సంచిలో గానీ స్పాంజి పెట్టెలో గానీ నెలల తరబడి ఉంచకండి. రెండూ తేమ పట్టి ఉంచుతాయి. తాళం ఉన్న అలమరలో, తేమ పీల్చే సిలికా సంచి పక్కన, ఖాళీ ఛాంబర్‌తో నిలబెట్టండి. వర్షాకాలంలోనూ, హ్యూస్టన్ లాంటి ఉక్క ఊళ్లలో ఏడాది పొడుగునా, నెలకోసారి తీసి నూనె గుడ్డతో తుడవండి. చేత్తో ముట్టుకున్న ప్రతిసారీ, లోపల పెట్టేముందు వేలిముద్రలు తుడిచేయండి. చెమట ఉప్పు రెండు రోజుల్లోనే పలకల మీద ఎర్రటి వేలిముద్రలా బయటపడుతుంది.